వంట ఒకటే, వడ్డన వేరు

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా ఏ తెలుగింట్లో ఒంటి బాగోగుల మాట వచ్చినా ఈ మధ్య అది చోడి అంబలి, అంటే రాగి జావ, దగ్గరికే చేరుతోంది. షుగర్ ఉందా, అంబలి తాగండి. నీరసంగా ఉందా, అంబలి తాగండి. బరువు తగ్గాలా, అదే అంబలి. చోడి మీద ఈ గౌరవం ఊరికే రాలేదు. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో మాండియా పేరుతో తరతరాలుగా పండుతున్న పంట అది. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల పథకం మొదలుపెట్టినప్పుడు తొలి ఏడు జిల్లాల్లో ఈ నాలుగూ ఉన్నాయి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అయ్యాక పట్నాల్లోనూ గిరాకీ పెరిగింది. పంట మంచిదే. ఒకే గ్లాసు అంబలి అందరికీ ఒకే మేలు చేస్తుందనుకోవడం దగ్గరే చిక్కు వస్తోంది.

ఆ గ్లాసును ముగ్గురి చేతికి ఇచ్చి చూద్దాం.

మొదటివారు ఏళ్ళ తరబడి షుగర్ ఉన్న తాతయ్య. చోడిలో పీచు బాగానే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల చోడిలో 11 గ్రాముల పీచు ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపే ఉంది. కానీ ఆ గింజను మెత్తగా మర ఆడించి, నీళ్ళలో బాగా ఉడికించి, జారుగా చేసి తాగితే నమిలే పని లేకుండానే అందులోని పిండిపదార్థం గబగబా అరిగి రక్తంలోకి చేరుతుంది. చక్కెర త్వరగా ఎక్కుతుంది. బెల్లం కూడా వేస్తే ఇక చెప్పక్కర్లేదు. అదే పిండితో రొట్టె కాల్చి కూరతో తిన్నా, సామలో, కొర్రలో గింజలుగానే అన్నంలా వండి పప్పుతో తిన్నా ఆ జోరు తగ్గుతుంది. ఆయన విషయంలో ధాన్యం పేరు కంటే అది ఏ రూపంలో, దేనితో కలిసి లోపలికి వెళ్తోందన్నదే పెద్ద సంగతి.

రెండోవారు పసిబిడ్డకు పాలిస్తున్న కోడలు. ఆమెకు కాల్షియం కావాలి. 100 గ్రాముల చోడిలో 364 మిల్లీగ్రాములు ఉంటుంది. మనం రోజూ తినే ధాన్యాల్లో దేనిలోనూ ఇంత లేదు. అయితే గ్లాసు అంబలిలో పడే పిండి పాతిక గ్రాములు. అంటే దక్కేది 90 మిల్లీగ్రాములు. పాలిచ్చే తల్లికి రోజుకు కావాల్సింది 1,200. మిగిలినది పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు, ముల్లుతో సహా నమిలే చిన్న చేపల నుంచి రావాలి. అంబలి తాగాం కదా అని ఆమెకు పాలు ఆపేస్తే నష్టమే.

మూడోవారు మూత్రపిండాలు దెబ్బతిని రక్తంలో పొటాషియం పెరిగిన మేనమామ. 100 గ్రాముల చోడిలో పొటాషియం 440 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంతే తూకం బియ్యంలో 110 లోపు. లోకమంతా తిట్టే తెల్లన్నమే ఆయనకు క్షేమం.

ఈ ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండవచ్చు. చాలా ఇళ్ళలో ఉన్నారు కూడా. అలాగని ముగ్గురికీ మూడు వంటలు వండే ఓపిక, డబ్బు, పొయ్యి ఎవరికీ ఉండవు. మనిషికి తగ్గ తిండి అనగానే జనం భయపడేది ఇక్కడే: వేరే సరుకులు, వేరే పొడులు, వేరే వంట. ఆ భయం అక్కర్లేదని చెప్పడానికే ఈ వ్యాసం. పప్పు, కూర, అన్నం, చేప అందరికీ ఒకటే ఉండొచ్చు. ఉప్పు, నూనె కాస్త తగ్గించి వండుకుంటే చాలు. మార్చాల్సింది వడ్డన. ఎవరికి ఏది ఎంత, ఏది ముందు, ఏది అసలు వద్దు అన్న మూడు సంగతులు తెలిస్తే పనిలో ముప్పాతిక భాగం అయిపోయినట్టే. అవి తేల్చుకోవడానికి చూడాల్సినవీ కొన్నే: మనిషి చేసే పని, వయసు, రక్తపరీక్షల కాగితం, వేసుకుంటున్న మందులు.

పని దగ్గర మొదలుపెడదాం

భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్కల్లో 65 కిలోల మగవాడు కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 2,110 కిలోకేలరీలు చాలు. మధ్యరకం శ్రమకు 2,710 కావాలి. ఒళ్ళు విరిగే పనికి 3,470. అలాగే 55 కిలోల ఆడమనిషికి 1,660, 2,130, 2,720. కూర్చునే మగవాడికీ బరువు పని చేసే మగవాడికీ మధ్య తేడా 1,360 కిలోకేలరీలు. బియ్యంలోకి మారిస్తే దాదాపు 380 గ్రాములు, అదీ వండని బియ్యం.

గోపాల్‌పూర్ తీరంలో తెప్ప తోసి, వల లాగి బతికిన తెలుగు జాలరి కుటుంబాల్లో కుర్రవాళ్ళు ఇప్పుడు బరంపురంలో కౌంటరు వెనకాలో కంప్యూటరు ముందో కూర్చుంటున్నారు. పని మారింది. కంచంలో అన్నం కుప్ప మాత్రం తాతగారిదే. ఆ కుప్ప తాతగారికి తప్పు చేయలేదు, ఆయన అదంతా మధ్యాహ్నానికే కరిగించేవారు. మనవడికి అది నడుం చుట్టూ చేరుతోంది. దీనికి రెండో వైపు కూడా చూడాలి. ఎండలో నాట్లు వేసి వచ్చిన మనిషికి, ఇటుక బట్టీలో రోజంతా మోసిన మనిషికి 'అన్నం తగ్గించండి' అని చెప్పడం అన్యాయం. వాళ్ళకు చెప్పాల్సింది అన్నం పక్కన పప్పు, గుడ్డు పెంచమని. డాక్టరు గదిలో గోడ మీద అంటించిన ఒకే చార్టు ఈ ఇద్దరికీ పనికిరాదు.

జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో 17 సూత్రాలతో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో 2,000 కిలోకేలరీల రోజుకు చూపిన పళ్ళెం ఇదీ: ధాన్యాలు 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పప్పులు 85, పండ్లు 100, వేరుశనగ నువ్వుల వంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యం కంటే కూరగాయల బరువు ఎక్కువ ఉందని గమనించండి. మన కంచంలో ఇది తలకిందులు. కొండంత అన్నం, గరిటెడు కూర, నలుగురికి సరిపోవాలని నీళ్ళు పోసి పెంచిన పప్పుచారు. 85 గ్రాముల పప్పు అంటే ఒక్క మనిషికి రెండు పూటలా గట్టి పప్పు ఉండాలి. చారులో ఈదే నాలుగు పలుకులతో ఆ లెక్క తీరదు. మాంసకృత్తులు పెద్దవాళ్ళకు కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలంటారు. మనలా బియ్యం మీదే ఆధారపడేవాళ్ళకు 1 గ్రాము దాకా కావాలి.

ఇక్కడే దాల్మా గురించి ఒక మంచి మాట చెప్పాలి. కందిపప్పులోనో పెసరపప్పులోనో బొప్పాయికాయ, గుమ్మడి, వంకాయ, అరటికాయ వేసి, నూనె పోపుకు మాత్రమే వాడే ఈ వంట ఒరియావాళ్ళ నుంచి మన వంటింట్లోకి వచ్చి ఎప్పుడో మనదైపోయింది. పప్పు, కూరగాయలు ఒకే గిన్నెలో, అదీ తక్కువ ఖర్చుతో దొరికే వంట మన సరిహద్దు జిల్లాల్లో ఇంతకంటే సులువైనది నాకు కనిపించదు. అన్నంలో దాల్మా కలుపుకునే బదులు, దాల్మాలో అన్నం కలుపుకోవాలి. కూర్చుని పని చేసేవాళ్ళకు ఆ ఒక్క మార్పుతోనే చాలా మారుతుంది.

సన్నగా ఉన్నాను, నాకేమీ రాదు అనుకునేవాళ్ళు మనలో ఎక్కువ. భారతీయుల ఒంట్లో అదే బరువుకు కొవ్వు శాతం ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ. అందుకే ఎత్తు, బరువుల నిష్పత్తిని బట్టి చెప్పే బీఎంఐ పాశ్చాత్యులకు 25 దాటితే అధిక బరువైతే, మనకు 23 దగ్గరే గీత గీశారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 59 కిలోల దగ్గరే ఆ గీత వచ్చేస్తుంది. ఇంట్లో తూకం లేకపోతే దర్జీ టేపు చాలు. నడుం చుట్టుకొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే కాళ్ళూ చేతులూ సన్నగా ఉన్నా షుగర్ పరీక్ష చేయించుకోవాలి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని 2023లో వచ్చిన పెద్ద సర్వే తేల్చింది.

పఖాళ, ఉప్పు, అన్నం వంతు

మార్చి 20న పఖాళ దినం జరుపుకునే రాష్ట్రంలో ఉంటూ చద్దన్నం మాట ఎత్తకపోతే ఎలా? రాత్రి వండిన అన్నంలో నీళ్ళు పోసి తెల్లారి తినడం మనకు చద్దన్నం, ఒరియావాళ్ళకు బాసి పఖాళ. అన్నం వండి చల్లారబెడితే అందులోని పిండిపదార్థంలో కొంత భాగం సులువుగా అరగని రూపానికి మారి పీచులా పని చేస్తుంది. పులియడం వల్ల పేగులకు మేలు చేసే సూక్ష్మజీవులూ చేరతాయి. ఇవి నిజాలే. కానీ మారే భాగం కొంచెమే. షుగర్ ఉన్నవాళ్ళు పఖాళ కదా అని గిన్నె నిండా తింటే అది గిన్నెడు అన్నమే.

పఖాళలో అసలు తేడా ఉప్పుతో వస్తుంది. మే నెల ఎండలో చెమటోడ్చి వచ్చిన రైతుకు ఆ ఉప్పునీళ్ళు, మజ్జిగ చుక్క, ఉల్లిపాయ మందులాంటివి. చెమటతో పోయిన నీరూ ఉప్పూ తిరిగి చేరతాయి. అదే గిన్నె బీపీ ఉండి, ఫ్యాను కింద కూర్చున్న మామ్మ ముందు పెడితే? పక్కన బడి చూరా (చిదిమిన వడియాలు), వేయించిన ఎండు చేప, ఆవకాయ బద్ద, బరంపురం అప్పడం కూడా ఉంటాయి. బరంపురం అప్పడాలకు, ఊరగాయలకు పేరుపడిన ఊరు. మనకు అవి గర్వకారణం. కాని రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, మించకూడదన్న లెక్క ఆ ఒక్క పూటలోనే దాటిపోతుంది. మామ్మకు పఖాళ మాన్పించనక్కర్లేదు. ఆమె గిన్నెలో ఉప్పు వేయకుండా, ఎండు చేప బదులు పచ్చి చేప ముక్కో వంకాయ పచ్చడో పెట్టి, ఊరగాయ సీసా ఆమె చేతికి అందని చోట ఉంచితే సరి. ఉప్పు తగ్గిన మొదటి రెండు మూడు వారాలు కంచం చప్పగా ఉంటుంది, తర్వాత నాలుక సర్దుకుంటుంది. నిమ్మరసం, జీలకర్ర పొడి ఆ రోజులు గట్టెక్కిస్తాయి.

షుగర్ ఉన్నవాళ్ళకు వడ్డన వరస కూడా మందులాగే పని చేస్తుంది. ముందు కూర, గట్టి పప్పు, గుడ్డో చేపో తిని, ఆ తర్వాత అన్నానికి వస్తే భోజనం తర్వాత చక్కెర ఎక్కడం తగ్గుతుందని పరిశోధనలు చూపించాయి. అవే పదార్థాలు, అంతే కొలత, వరస మాత్రమే వేరు. విడిగా కూర తినడం మనకు అలవాటు లేదు, మొదట్లో వింతగా ఉంటుంది. అన్నం వడ్డించడానికి పది నిమిషాలు ముందు కూర గిన్నె చేతికిస్తే అదే అలవాటవుతుంది.

మూత్రపిండాల జబ్బులో లెక్కలు తిరగబడతాయి

బరంపురం తెలుగువాళ్ళలో చాలామందికి ఇచ్ఛాపురం అవతల చుట్టరికాలున్నాయి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ ఊళ్ళున్న ప్రాంతమే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే ఆ నేలను దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు పీడిస్తోంది. ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఒక్కటి తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకలతో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. పెళ్ళికో చావుకో అటు వెళ్ళినప్పుడు డయాలసిస్ మాట వినిపించని పందిరి ఉండదు. అందుకే ఈ భాగం మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మామూలు మనిషికి ఆరోగ్యమని చెప్పేవి చాలా వరకు ముదిరిన కిడ్నీ జబ్బులో ప్రమాదమవుతాయి. ఉదాహరణకు కొబ్బరి నీళ్ళు. ఒక బొండంలో పొటాషియం 500 మిల్లీగ్రాములు దాటుతుంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు ఎక్కువైన పొటాషియాన్ని మూత్రంలో పంపేస్తాయి. దెబ్బతిన్నవి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి హఠాత్తుగా గుండె ఆగిపోతుంది. ముందుగా నొప్పి, జ్వరం లాంటి గుర్తులేవీ రాకపోవచ్చు. రోగిని చూడ్డానికి వచ్చే చుట్టాలు ప్రేమగా తెచ్చేవి సరిగ్గా ఇవే: బొండాలు, అరటిపళ్ళు, బత్తాయిలు. తీసుకుని ఇంట్లో పిల్లలకు పెట్టండి. రోగికి ఆపిల్ ముక్క చాలు, అదీ డాక్టరును అడిగాకే.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతోంది, అది నన్ను ఇంకా బాధపెడుతుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త పెరిగిందని కాగితంలో కనిపించగానే పప్పు మానేస్తారు, ఆకుకూర మానేస్తారు, పండు ముట్టరు. ఉప్పు లేని అన్నం, మజ్జిగతో నెలలు గడిపి మనిషి చిక్కి శల్యమవుతాడు. జబ్బు తొలి దశలో పొటాషియం మామూలుగానే ఉంటే ఇవన్నీ మానేయాల్సిన పని లేదు. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఆ అంకె చూసి మానాలి, జబ్బు పేరు విని మానకూడదు. పెరిగిందని తేలితే అప్పుడు కూడా దారి ఉంది. కూరగాయలు చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండితే పొటాషియం చాలా వరకు నీళ్ళతో పోతుంది. ఇంట్లో అందరి కూరా పారబోయక్కర్లేదు, రోగి వాటా ముక్కలు విడిగా ఉడికిస్తే చాలు. 'బీపీకి మంచిది' అని అమ్మే తక్కువ సోడియం ఉప్పు మాత్రం ఆ ఇంటి వంటింట్లోకి రానివ్వకండి. అందులో సోడియం తగ్గించి, దాని బదులు పొటాషియమే కలుపుతారు. బీపీ ఒక్కటే ఉన్న మామ్మకు మేలు చేసే ఆ ప్యాకెట్ మేనమామ ప్రాణం మీదికి తెస్తుంది.

మాంసకృత్తుల విషయంలో అదే మనిషికి ఒక రోజు నుంచి లెక్క మారిపోతుంది. డయాలసిస్ అవసరం రాకముందు ముదిరిన జబ్బులో కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాములకు పరిమితం చేస్తారు, మూత్రపిండాల మీద భారం తగ్గాలని. డయాలసిస్ మొదలయ్యాక 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, ఎందుకంటే ఆ యంత్రంలో రక్తం శుద్ధయ్యేటప్పుడు మాంసకృత్తులు కూడా పోతాయి. 55 కిలోల మనిషికి 33–44 గ్రాముల నుంచి ఒక్కసారిగా 55–66కు పెరగాలి. రోజూ రెండు మూడు గుడ్ల తెల్లసొన, ఒక చేప ముక్క కలిపినంత తేడా. చాలా ఇళ్ళలో పాత పథ్యమే కొనసాగుతుంది. పాత పథ్యం చెప్పినవాళ్ళు దాన్ని ఎప్పుడు ఆపాలో చెప్పకపోవడమే కారణం. మీ ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతుంటే ఈ ఒక్క ప్రశ్న తర్వాతి సారి తప్పకుండా అడగండి: ఇప్పుడు ఎంత మాంసకృత్తులు తినాలి, నీళ్ళు ఎంత తాగాలి?

చివర తినే మనిషి

మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. నెలసరి వచ్చే వయసు ఆడమనిషికి 29. ఆమె తినే తిండి మగవాడి కంటే తక్కువ, కావాల్సిన ఇనుము మాత్రం ఒకటిన్నర రెట్లు. అంటే ఆమె ప్రతి ముద్దా అతని ముద్ద కంటే సారవంతంగా ఉండాలి. జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. అందరికీ వడ్డించి, చివర కూర్చుని, చేప తలో తోకో మిగిలితే దానితో, లేకపోతే ఊరగాయతో ముగించేది ఆమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 64 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు 2015–16లో జరిగిన సర్వే కంటే అది పెరిగింది. ఈ అంకె వెనక కారణాలు చాలా ఉన్నాయి. మన చేతిలో ఉన్న కారణం వడ్డన వరస.

పొయ్యి దించగానే ఆమె వాటా చేప, గుడ్డు, కాలేయం, ఆకుకూర గిన్నెలో తీసి మూత పెట్టాలి, అందరి కంటే ముందు. ఇంట్లో గర్భిణి ఉంటే రోజుకు మరో 350 కిలోకేలరీలు, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మరో 600 కావాలి. 'ఇద్దరికి తినాలి' అని అన్నం కుక్కడంతో ఇది తీరదు. రెండు గుడ్లు, గుప్పెడు వేయించిన వేరుశనగలు, గ్లాసు పాలు కలిపితే దాదాపు 450 అవుతాయి. ఆకుకూర మీద నిమ్మ పిండితే, అన్నంలో ఉసిరి పచ్చడి ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం అయిన వెంటనే తాగే టీ దాన్ని అడ్డుకుంటుంది, గంట ఆగి తాగాలి.

రక్తం తక్కువని తెలియగానే టానిక్ సీసా కొనడానికి ముందు ఈ ప్రాంతంలో ఒక పరీక్ష అవసరం. కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ వైపు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. గిరిజనులకే వస్తుందనుకోకండి, ఒడిశాలో ఇతర కులాల్లోనూ ఉంది. దీని నిర్మూలన కోసం కేంద్రం 2023 జులై 1న దేశవ్యాప్త కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. ఈ జబ్బులో రక్తం తగ్గడానికి కారణం ఎర్ర కణాలు త్వరగా విరిగిపోవడం. పదేపదే రక్తం ఎక్కించుకునేవాళ్ళ ఒంట్లో ఇనుము అప్పటికే పేరుకుని ఉంటుంది. వాళ్ళకు ఇనుము టానిక్ మరింత చేటు. కావాల్సింది డాక్టరు రాసే ఫోలిక్ యాసిడ్, ఒళ్ళు ఎండిపోకుండా రోజంతా నీళ్ళు. అదే జబ్బు ఉన్నా, ఒంట్లో ఇనుము నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్షలో అది నిజంగా తక్కువని తేలితే అప్పుడు ఇనుము ఇస్తారు. ఒకే నీరసానికి రెండు విరుద్ధమైన చికిత్సలు. కంటి రెప్ప తిప్పి చూసి తేల్చగలిగిన సంగతి కాదిది.

కార్తీకం, మాత్రలు

సరిహద్దులో బతికే మనకు కార్తీకం రెండింతలు. సోమవారాల ఉపవాసాలు మనవి, నెలంతా నియమంతో తినే హబిస, పున్నమితో ముగిసే అయిదు రోజుల పంచుక ఒరియావాళ్ళవి. ఆ మర్నాడు, మళ్ళీ చేప, మాంసం మొదలుపెట్టే ఛడఖాయికి, నెల రోజుల నియమం ఒక్క పూటలో తీర్చుకుంటారు. భక్తిని తగ్గించమని ఎవరూ అనరు. అయితే గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు మామూలు మోతాదు వేసుకుని పగలంతా తినకుండా ఉంటే చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతారు. వణుకు, చెమట, కళ్ళు తిరగడం మొదలవగానే ఉపవాసం విడిచి చక్కెర నీళ్ళు తాగాలి. దేవుడు దానికి కోపగించుకోడు. కార్తీకం మొదలవడానికి వారం ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ నెలకు మాత్రల వేళ, మోతాదు మార్పించుకోవడం అన్నిటికంటే మంచిది. హబిసలో ఒక పూటే తినేవాళ్ళు ఆ పూట అన్నం, నెయ్యితో సరిపెట్టక పెసరపప్పు, పచ్చి అరటి, కంద ఎక్కువ పెట్టుకోవచ్చు.

మందుల వేళకు తిండిని సర్దుకోవడం మిగతావాళ్ళకూ ఉంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా టీ, కాఫీ తాగకూడదు. కాల్షియం, ఇనుము మాత్రలకు దానికీ నాలుగు గంటల ఎడం కావాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటిది వాడేవాళ్ళు ఆకుకూర మానక్కర్లేదు, కాని వారం వారం కొలత ఒకేలా ఉండాలి. పాలు తాగితే కడుపు ఉబ్బేవాళ్ళు పెరుగు తింటే చాలు, దక్షిణ భారతంలో ఈ ఇబ్బంది చాలామందికి ఉంది.

డబ్బు పెట్టి కొనే 'మీకోసమే' డైట్లు

ఉమ్మి చుక్క పంపితే జన్యువులు చూసి మీ తిండి చెప్తామనే ప్రకటనలు ఇప్పుడు ఫోన్లో రోజూ కనిపిస్తున్నాయి. వీటి వెనక నిజమైన శాస్త్రం కొంత ఉంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2015లో 800 మంది రక్తంలో చక్కెరను వారం పాటు ఆగకుండా కొలిచి, ఒకే తిండికి ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా స్పందిస్తుందని చూపించింది. బ్రిటన్‌లో కవలలతో సహా వెయ్యి మందితో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే జన్యువులున్న కవలలు కూడా ఒకే భోజనానికి ఒకేలా స్పందించలేదు. అంటే జన్యువులే అన్నీ నడిపించడం లేదు. నిద్ర, తిన్న వేళ, చేసిన పని, పేగుల్లోని సూక్ష్మజీవులు అన్నీ కలుస్తాయి. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందిని ఏడాది పాటు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. కొవ్వు తక్కువ తిండి ఎవరికి పడుతుందో, పిండిపదార్థం తక్కువ తిండి ఎవరికి పడుతుందో జన్యువులను చూసి ముందే చెప్పగలమా అన్నది అక్కడి ప్రశ్న. చెప్పలేమని తేలింది. రెండు గుంపుల్లోనూ తగ్గినవాళ్ళు ఉన్నారు, తగ్గనివాళ్ళు ఉన్నారు.

కాబట్టి వేలు పోసి ఉమ్మి పంపే కంటే, షుగర్ ఉన్న ఇంట్లో గ్లూకోమీటరు, స్ట్రిప్పులు కొనడం మేలు. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి రాసుకోండి. ఒక రోజు అన్నం మామూలుగా, మరో రోజు అదే అన్నం కూర తర్వాత, ఇంకో రోజు తిన్నాక పావుగంట నడిచి. చక్కెర 140 నుంచి 230కి పోయిందా, 170 దగ్గరే ఆగిందా అన్నది మీ ఒళ్ళే చెప్తుంది. ఒకరికి అటుకులు పడవు, మరొకరికి ఇడ్లీ పడదు. పక్కింటివాళ్ళ అంకెలు మీకు పనికిరావు.

కాగితాన్ని ఇంటి భాషలోకి తేవడం

మన జిల్లాల్లో అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునే ఇబ్బంది ఒకటుంది. ఆసుపత్రిలో ఇచ్చే ఆహార పట్టిక ఒరియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. వంట చేసే మామ్మ తెలుగు తప్ప చదవదు, ఒక్కోసారి అదీ చదవదు. మాండియా అంటే చోడి, కొళథ అంటే ఉలవలు, హరడ అంటే కంది, చుడా అంటే అటుకులు, సజనా సాగ అంటే మునగాకు అని నోటి మాటకు అందరికీ తెలుసు. కాగితం మీద కనపడేసరికి అది ఎవరికీ చెందని కాగితమవుతుంది. దానికి తోడు గ్రాముల లెక్క. 60 గ్రాముల బియ్యం అంటే ఏ గరిటెతో?

ఒక సాయంత్రం కూర్చుంటే ఇది తీరిపోతుంది. కిరాణా కొట్టులో 60 గ్రాముల బియ్యం తూయించి, ఇంటికి తెచ్చి వండి, మీ అన్నం గరిటెతో ఎన్ని గరిటెలయ్యాయో చూడండి. పప్పుకూ అంతే. ఆ తర్వాత మనిషికొక వరస చొప్పున తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఇంటి కొలతల్లో రాసి వంటింటి గోడకు అంటించండి: తాతయ్యకు అన్నం ఇన్ని గరిటెలు, కూర ముందు. మామ్మకు ఊరగాయ లేదు, పఖాళలో ఉప్పు లేదు. మేనమామకు ఉడికించి వార్చిన కూర, బొండం లేదు. కోడలి గిన్నె ముందే తీసి పెట్టాలి. చదవలేని మామ్మ కోసం పక్కన గరిటె బొమ్మ వేయండి, పిల్లలు సంతోషంగా వేస్తారు. మూడు నెలలకోసారి కొత్త రక్తపరీక్షల కాగితం వచ్చినప్పుడు, లేదా డాక్టరు మాత్ర మార్చినప్పుడు ఆ గోడ మీది కాగితం కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఒక్కో వరస చదివి వినిపించి, ఏది మార్చాలో అడిగి రండి.